గూఢచారి ఉపగ్రహాలకూ ఉంది టైం టేబులు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర విషయంగా ఒక వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు అడిగారు. కృష్ణా డెల్టా చరిత్ర అనగానే ఆనకట్ట గురించీ, కాలువల గురించీ, ఘంటసాల బౌద్ధ స్తూపం గురించీ రాయగల పెద్దలు మనలో చాలామందే ఉన్నారు. ఉద్యోగకాలమంతా వైర్‌లెస్ పరికరాల మధ్య గడిపి గన్నవరంలో విశ్రాంత జీవితం గడుపుతున్న నేను, నాకు కాస్త పరిచయమున్న ఆకాశపు చరిత్ర రాయాలనుకున్నాను.

సైనిక అవసరాల కోసం దేశాలు పైకి పంపిన ఉపగ్రహాలు కొన్ని వందలున్నాయి. అవి ఏం చేస్తాయో ఆయా ప్రభుత్వాలు చెప్పవు. కొన్నిటి కక్ష్యలను కూడా ప్రకటించవు. అయినా అవి ఎక్కడ తిరుగుతున్నాయో, ఎప్పుడు ఎవరి నెత్తిమీదుగా పోతున్నాయో బయటివారు లెక్క కట్టగలుగుతున్నారు. ఈ విద్య ఎలా పుట్టింది, అందులో మన తెలుగునేల పాలెంత అన్నదే ఈ వ్యాస విషయం.

రైలు కూతలోని లెక్క

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలో పెట్టింది. 83 కిలోల లోహపు గోళం, నాలుగు ఏంటెనాలు. 20.005, 40.002 మెగాహెర్ట్జ్‌ల మీద అది ఆగి ఆగి కూస్తూ పోయేది. మొదటి కూతను మంచి షార్ట్‌వేవ్ రేడియో ఉన్నవారెవరైనా పట్టుకోవచ్చు. బ్యాటరీలు అయిపోయేదాకా, అంటే సుమారు మూడు వారాలు, ప్రపంచమంతా విన్నది.

అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన అప్లైడ్ ఫిజిక్స్ లేబొరేటరీలో విలియం గయర్, జార్జి వీఫెన్‌బాక్ అనే ఇద్దరు యువ శాస్త్రజ్ఞులు కూడా విన్నారు. వారు వినడంతో ఆగలేదు. కూత స్థాయి ఎలా మారుతోందో క్షణక్షణం రాసుకున్నారు.

ఇందులోని కిటుకు మనందరికీ అనుభవమే. గన్నవరం స్టేషనులో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ మనవైపు వస్తున్నప్పుడు దాని కూత సన్నగా, కీచుగా వినిపిస్తుంది. మనల్ని దాటగానే బొంగురుగా మారిపోతుంది. డ్రైవరు కూత మార్చలేదు. బండి మనవైపు వచ్చేటప్పుడు ధ్వని తరంగాలు దగ్గరవుతాయి, దూరమయ్యేటప్పుడు సాగుతాయి. దీన్నే డాప్లర్ ప్రభావం అంటారు. రేడియో తరంగాలకూ ఇదే సూత్రం. ఆ మార్పు ఎంత త్వరగా జరిగిందో కొలిస్తే బండి వేగమూ తెలుస్తుంది, పట్టాలు మనకెంత దూరంలో ఉన్నాయో కూడా తెలుస్తుంది. ఆ ఇద్దరూ కుర్చీలోంచి లేవకుండా, కూతను బట్టి స్పుత్నిక్ కక్ష్యను గీశారు.

1958లో వారి పై అధికారి ఫ్రాంక్ మెక్‌క్లూర్ ప్రశ్నను తిరగేశారు. ఉపగ్రహం ఎక్కడుందో ముందే తెలిస్తే, దాని కూత వింటున్న మనిషి ఎక్కడున్నాడో కనుక్కోవచ్చు కదా అన్నారు. అప్పటికి అమెరికా నౌకాదళానికి అదే అవసరం. పొలారిస్ క్షిపణులు మోసే జలాంతర్గాములకు నడిసముద్రంలో తామెక్కడున్నదీ కచ్చితంగా తెలియాలి. అలా పుట్టిన ట్రాన్సిట్ ఉపగ్రహాల్లో మొదటిది 1960 ఏప్రిల్‌లో కక్ష్యకు చేరింది. దాని తర్వాతి తరమే జీపీఎస్. ఆ వరుసలో తొలి ఉపగ్రహం 1978లో ఎగిరింది. ఈ రోజుకూ ఆ వ్యవస్థను నడిపేది అమెరికా సైనిక శాఖే. 2000 మే 2 వరకు మామూలు జనానికి అందే సంకేతాన్ని కావాలనే మసకబరిచేవారు. అప్పట్లో వందమీటర్ల దాకా తేడా వచ్చేది. కనుక మన మనవడు ఫోనులో బెంజి సర్కిలు దారి వెతుక్కుంటున్నాడంటే, ఒక సైనిక ఉపగ్రహాల గుంపు మాట వింటున్నాడన్నమాటే.

బడిపంతులు పట్టిన గుట్టు

భూమికి కాస్త దగ్గరగా తిరిగే ఉపగ్రహం ఇంచుమించు 90 నిమిషాలకొక చుట్టు పూర్తి చేస్తుంది. ఈలోగా భూమి తన చుట్టూ తాను ఇరవైరెండున్నర డిగ్రీలు తిరుగుతుంది. కాబట్టి ఒక చుట్టులో గన్నవరం మీదుగా పోయిన ఉపగ్రహం, తర్వాతి చుట్టులో మన అక్షాంశాన్ని దాటేసరికి ఒమన్ తీరానికి దగ్గర్లో అరేబియా సముద్రం మీద ఉంటుంది. ఈ లెక్కను ఏ ప్రభుత్వమూ ఆజ్ఞ జారీ చేసి మార్చలేదు. ఇంధనం మండించి కక్ష్య మార్చుకోవచ్చు గానీ, మార్చాక ఆ కొత్త కక్ష్యకూ అదే లెక్క వర్తిస్తుంది. రైల్వేవారి టైం టేబులైనా తప్పవచ్చు గాని ఇది తప్పదు.

ఈ లెక్కతో ఒక అగ్రరాజ్యం గుట్టు పట్టినవాడు ఇంగ్లండులోని ఒక బడిపంతులు. కెటరింగ్ గ్రామర్ స్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే జెఫ్రీ పెర్రీ, తన సహోపాధ్యాయుడు డెరెక్ స్లేటర్‌తోనూ విద్యార్థులతోనూ కలిసి, 1960లలో సోవియట్ ఉపగ్రహాల సంకేతాలు వినడం మొదలుపెట్టారు. సోవియట్ వారు చాలా ఉపగ్రహాలకు కాస్మోస్ అని పేరు పెట్టి ఒక అంకె తగిలించేవారు. వాటిలో ఛాయాచిత్రాలు తీసే గూఢచారి ఉపగ్రహాలు 20 మెగాహెర్ట్జ్‌కు దగ్గర్లోనే కూసేవి. మామూలు షార్ట్‌వేవ్ రిసీవరు, గడియారం, నోటుపుస్తకం ఇవే ఆ బడి పరికరాలు. పిల్లలు వంతులవారీగా కూర్చుని, కూత ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ఆగిందో రాసేవారు. ఉపగ్రహాలు సాధారణంగా ఎనిమిది రోజులకు ఫిల్ముతో సహా కిందికి దిగుతున్నాయని కూడా ఆ పుస్తకాల్లోంచే తేలింది.

1966 మార్చిలో వెళ్ళిన కాస్మోస్ 112 బాట, తెలిసిన ప్రయోగ కేంద్రాలతో పొసగలేదు. అక్టోబరులో కాస్మోస్ 129 వెళ్ళింది. రెండు బాటలనూ వెనక్కి పొడిగిస్తే రష్యా ఉత్తర భాగంలో ప్లెసెత్స్క్ దగ్గర కలుసుకున్నాయి. అక్కడొక రహస్య ప్రయోగ కేంద్రం ఉందని ఆ సంవత్సరాంతంలో పెర్రీ ప్రపంచానికి వెల్లడించారు. సోవియట్ ప్రభుత్వం తానుగా ఒప్పుకున్నది 1983లో. పదిహేడేళ్ళపాటు ప్రభుత్వం దాచిన సంగతి ఒక బడి నోటుపుస్తకంలో భద్రంగా ఉందన్నమాట.

ఈ సంప్రదాయం ఇప్పటికీ నడుస్తోంది. 2018 జనవరిలో కెనడాకు చెందిన స్కాట్ టిల్లీ అనే రేడియో ఔత్సాహికుడు, అమెరికావారి ఒక రహస్య ఉపగ్రహం కోసం వెతుకుతూంటే మరొక సంకేతం తగిలింది. అది 2005లో మూగబోయిందని నాసా వదిలేసుకున్న ఇమేజ్ అనే శాస్త్రీయ ఉపగ్రహం. మళ్ళీ పలుకుతోందని ఆయన చెబితేనే నాసాకు తెలిసింది.

పోఖ్రాన్ ఇసుకలో టైం టేబులు

ఇక మన దేశానికి వద్దాం. 1995 చివర్లో ప్రధానమంత్రి మన తెలుగువారైన పి.వి.నరసింహారావు గారు. రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో అణుపరీక్షకు ఏర్పాట్లు సాగుతున్నాయి. అమెరికా గూఢచారి ఉపగ్రహాలు అక్కడి కదలికలను ఫొటోలు తీశాయి. 1995 డిసెంబరు 15న న్యూయార్క్ టైమ్స్ ఈ వార్త ప్రచురించింది. అమెరికా రాయబారి ఫ్రాంక్ విస్నర్ మన ప్రభుత్వంతో మాట్లాడారు. ఆ పరీక్ష జరగలేదు.

అదే నెలలో, 28వ తేదీన, మన ఐ.ఆర్.ఎస్.-1సి ఉపగ్రహం కక్ష్యకు చేరింది. ఆరు మీటర్లకు కాస్త లోపు పరిమాణమున్న వస్తువును కూడా చూడగల దాని కెమెరా, ఆ కాలానికి పౌర ఉపగ్రహాల్లో అన్నిటికన్నా నిశితమైనది. దాని చిత్రాలు దిగింది హైదరాబాదు దగ్గరి షాద్‌నగర్‌లో. అంటే పైనుంచి చూస్తే ఏది కనబడుతుందో, ఏ నీడ దేన్ని పట్టిస్తుందో మనవారికి స్వానుభవంతో తెలిసిన రోజులవి.

1998 మే 11న, ఆ తర్వాత 13న పోఖ్రాన్‌లో అయిదు అణు విస్ఫోటాలు జరిగాయి. ప్రధాని వాజపేయి గారు ప్రకటించేదాకా అమెరికా నిఘా సంస్థలకు తెలియలేదు. ఈ గోప్యతకు మూలం టైం టేబులే. ఏ ఉపగ్రహం ఎప్పుడు పైకొస్తుందో లెక్కగట్టి, సైన్యంలోని 58వ ఇంజనీర్ రెజిమెంటు వారు ముఖ్యమైన పనులు రాత్రిళ్ళు చేశారు. తెల్లవారేసరికి యంత్రాలన్నీ ఎక్కడివక్కడ ఉండేవి. తవ్విన ఇసుకను ఆ ఎడారి గాలి తీరుకు తగ్గట్టు దిబ్బలుగా పోశారు. అంతకు ముందు పదేళ్ళపాటు హైదరాబాదులో డి.ఆర్.డి.ఎల్. సంచాలకులుగా ఉన్న అబ్దుల్ కలాం గారు అక్కడికి వెళ్ళినప్పుడు సైనిక దుస్తుల్లో, మేజర్ జనరల్ పృథ్వీరాజ్ అనే పేరుతో తిరిగారు.

1966లో ఒక బడి, దాచినదాన్ని కనిపెట్టడానికి వాడిన లెక్కనే, 1998లో మన సైన్యం దాచుకోవడానికి వాడింది. కక్ష్య తెలిసినవాడికి రెండు పనులూ సాధ్యమే.

శ్రీహరికోట, షాద్‌నగర్, హైదరాబాదు

ఈ కథలో మన తెలుగునేల పాత్ర 1971లో మొదలైంది. ఆ సంవత్సరం అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. అప్పటి నెల్లూరు జిల్లాలో, 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్న ఆ ద్వీపంలో తరతరాలుగా బతికిన యానాదులు ఈ కేంద్రం కోసం తమ చోటు వదులుకున్నారన్న మాట ఇక్కడ చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు.

1975 ఏప్రిల్ 19న మన మొదటి ఉపగ్రహం ఆర్యభట సోవియట్ నేల మీది నుంచి ఎగిరింది. 360 కిలోల బరువు. దాని సంకేతాలను పట్టుకోవలసిన మన ముఖ్య కేంద్రం శ్రీహరికోట. విద్యుత్ సరఫరా లోపం వల్ల అందులోని శాస్త్ర ప్రయోగాలు కొద్దిరోజులకే ఆగిపోయాయి గాని, ఉపగ్రహం మాత్రం ఏళ్ళ తరబడి పలుకుతూనే ఉంది. తలమీదుగా పోయే వస్తువును ఎప్పుడు ఏ దిక్కున ఎదురుచూడాలి, ఏంటెనాను ఎంత వేగంగా తిప్పాలి, డాప్లర్ తేడాకు తగ్గట్టు రిసీవరును ఎలా సర్దాలి అన్నవి మనవారు దానితోనే నేర్చుకున్నారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని మన రాకెట్టే శ్రీహరికోట నుంచి కక్ష్యలో పెట్టింది. షాద్‌నగర్ అంతకు ఏడాది ముందు నుంచే అమెరికా లాండ్‌శాట్ చిత్రాలను అందుకుంటోంది.

తర్వాత మన దేశమూ కళ్ళు, చెవులు పైకి పంపడం మొదలుపెట్టింది. ముంబయి దాడుల తర్వాత, 2009 ఏప్రిల్ 20న శ్రీహరికోట నుంచి వెళ్ళిన రిశాట్-2 మబ్బులోనూ చీకటిలోనూ చూడగల రాడార్ ఉపగ్రహం. 2019 ఏప్రిల్ 1న వెళ్ళిన 436 కిలోల ఎమిశాట్ సుమారు 750 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. విద్యుదయస్కాంత తరంగాలను కొలవడానికని మాత్రమే ఇస్రో ప్రకటించింది. ఇతర దేశాల రాడార్ల సంకేతాలను వినే ఆ చెవిని హైదరాబాదులోని డి.ఎల్.ఆర్.ఎల్. తయారుచేసిందని పత్రికలు రాశాయి.

అన్నీ రహస్యాలే కావు. 2005 మే 5న ఒకే రాకెట్టు మీద రెండు ఉపగ్రహాలు శ్రీహరికోట నుంచి వెళ్ళాయి. ఒకటి పటాలు గీయడానికి పనికొచ్చే కార్టోశాట్-1. రెండోది హామ్‌శాట్. ప్రపంచంలోని ఏ రేడియో ఔత్సాహికుడైనా దాని ద్వారా మాట్లాడుకోవచ్చు. తొమ్మిదేళ్ళకు పైగా, 2014 దాకా అది పనిచేసింది.

పైన తిరిగేవాటిని కిందినుంచి కనిపెట్టడానికి 2015లో శ్రీహరికోటలోనే ఒక పెద్ద రాడార్ సిద్ధమైంది. 35 టన్నుల బరువు, 4,608 ప్రసారక భాగాలు. ఒకేసారి పది వస్తువులను వెంబడించగలదు. 800 కిలోమీటర్ల దూరంలో అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న వస్తువును పసిగట్టగలదు. ఇది సంకేతం కోసం ఎదురుచూడదు. తానే తరంగం పంపి, తగిలి తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది. నోరు మూసుకున్న ఉపగ్రహాన్నీ, ముక్కలైపోయినదాన్నీ చూడాలంటే ఇలాంటి రాడారో, లేదంటే దుర్భిణో ఉండాలి.

2019 మార్చి 27

ముక్కల మాట వచ్చింది గనుక ఆ సంగతి చెప్పాలి. 2019 జనవరి 24 రాత్రి శ్రీహరికోట నుంచి 740 కిలోల మైక్రోశాట్-ఆర్ అనే ఉపగ్రహం వెళ్ళింది. దానిని 274 కిలోమీటర్ల ఎత్తులోనే వదిలారు. అంత తక్కువ ఎత్తు ఎందుకో అప్పుడు ఎవరికీ చెప్పలేదు. రెండు నెలలకు, మార్చి 27న, ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం ద్వీపం నుంచి లేచిన క్షిపణి దాన్ని నేరుగా ఢీకొని పగలగొట్టింది. దీనికి మిషన్ శక్తి అని పేరు. అప్పటి డి.ఆర్.డి.ఓ. అధిపతి డాక్టర్ జి.సతీశ్ రెడ్డి గారు నెల్లూరు జిల్లాలో పుట్టినవారు. సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే వస్తువు ఏ క్షణానికి ఎక్కడుంటుందో అంత కచ్చితంగా తెలియనిదే ఈ పని జరగదు. తెలుగువారిగా మనం గర్వించదగ్గ సామర్థ్యమే.

అయితే లెక్క అక్కడితో ముగియలేదు. ముక్కలు దాదాపు 45 రోజుల్లో రాలిపోతాయని మన అధికారులు చెప్పారు. దాదాపు 400 ముక్కలు అయ్యాయనీ, వాటిలో 24 అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కన్నా పైకి ఎగసి వస్తున్నాయనీ నాసా అధిపతి అదే ఏప్రిల్ 1న ప్రకటించారు. నెదర్లాండ్స్‌కు చెందిన ఔత్సాహికుడు మార్కో లాంగ్‌బ్రూక్, మనవారే విడుదల చేసిన వీడియోలోని అంకెలను చదివి, క్షిపణి కొద్దిగా పైదిశగా తగలడం వల్ల కొన్ని ముక్కలు పైకి లేచాయని లెక్క తేల్చారు. చాలా ముక్కలు కొద్ది నెలల్లోనే కాలిపోయిన మాట నిజం. జాబితాకెక్కిన ముక్కల్లో ఆఖరిది రాలేసరికి మాత్రం 2022 సగం గడిచింది.

2007లో చైనా 800 కిలోమీటర్లకు పైన చేసిన ఇలాంటి పరీక్ష తాలూకు ముక్కలు ఇప్పటికీ వేల సంఖ్యలో తిరుగుతున్నాయి. దానితో పోలిస్తే మనవారు తక్కువ ఎత్తు ఎంచుకోవడం బాధ్యతగల పనే. అయినా 45 రోజులు అన్న మాటకూ మూడేళ్ళు అన్న వాస్తవానికీ మధ్య తేడాను లోకానికి చెప్పింది బయటివారి పద్దు. ఆ పద్దు మనమే రాసి, మనమే ప్రకటించి ఉంటే ఇంకా గౌరవంగా ఉండేది. 2030 నాటికి శిథిలాలు మిగల్చని ప్రయోగాలే చేస్తామని ఇస్రో 2024లో ప్రకటించింది. ఆ మాట నిలబడిందో లేదో చూడగల రాడార్ ఇప్పుడు శ్రీహరికోటలోనే ఉంది.

సభ్యులకు ఒక మనవి

దేశ రక్షణకు కొన్ని రహస్యాలు అవసరం. వాటిని కాపాడవలసిందే. కాని కక్ష్య రహస్యం కాదు, కాలేదు కూడా. మచిలీపట్నం, నిజాంపట్నం జాలర్లు వేటకు వెళ్ళే బంగాళాఖాతం మీదుగానే మన రాకెట్లు పోతాయి గనుక, ప్రయోగానికి ముందు సముద్రంలో ఫలానా చోటికి వెళ్ళవద్దని హెచ్చరించాలి. గన్నవరం మీదుగా పోయే విమానాల వారికీ ప్రమాద ప్రాంతం చెప్పాలి. మనుషుల ప్రాణాలు కాపాడే ఆ హెచ్చరికను చదివే, రాకెట్ ఏ దిక్కుకు పోతుందో తెలిసినవాడు ఊహించుకుంటాడు. ప్రాణాలకన్నా రహస్యం ఎక్కువ కాదని అన్ని దేశాలూ ఒప్పుకున్న పద్ధతి ఇది.

నన్ను కలవరపెడుతున్నది మరొకటి. కెటరింగ్ బడి పిల్లల నోటుపుస్తకాల గురించి ఇంగ్లండులో ఎంతో రాశారు. 1975లో శ్రీహరికోటలో ఆర్యభట కోసం రాత్రిళ్ళు మేలుకున్న ఆపరేటర్ల గురించి, 1979లో షాద్‌నగర్‌లో టేపులు మార్చిన టెక్నీషియన్ల గురించి తెలుగులో ఎంత వెతికినా నాకు దొరికింది అతి స్వల్పం. పెద్ద శాస్త్రజ్ఞుల పేర్లు పుస్తకాలకెక్కాయి. డ్యూటీ రిజిస్టరులో సమయం వేసి సంతకం పెట్టినవారి అనుభవం వారితోనే ఉండిపోయింది. ఆనాడు పాతికేళ్ళ కుర్రవాళ్ళకు ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి.

రహస్యమని ప్రమాణం చేసినవి ఎవరూ రాయనక్కరలేదు, రాయకూడదు కూడా. ఏ షిఫ్టులో పనిచేశారు, ఏంటెనా మొరాయిస్తే ఏం చేశారు, మొదటి సంకేతం వినబడ్డ రాత్రి గదిలో ఎవరెవరున్నారు, సూళ్ళూరుపేట నుంచి టిఫిన్ ఎలా తెప్పించుకునేవారు అన్నవి రహస్యాలు కావు. మన సభ్యులలోగాని, వారి బంధువులలోగాని అలా పనిచేసినవారుంటే దయచేసి రెండు పేజీలు రాసి పంపండి. చేతులు వణికి రాయలేనివారు చెబుతూంటే ఇంట్లో పిల్లల చేత రాయించండి. తేదీ, సమయం వేయడం మరచిపోవద్దు. పంపినవాటిని అందంగా సాపు రాసి ఇచ్చే పని నేను తీసుకుంటాను. రాబోయే సంచికలలో వాటికి చోటిస్తామని సంపాదకవర్గం వారు అంగీకరించారు.